సంచిలో ఖాళీ ఎక్కడ ఉన్నది?

తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లల్ని ఎప్పుడైనా గమనించారా? నేలమీద గళ్ళు గీయడం క్షణంలో అయిపోతుంది గాని, బిళ్ళను ఏరుకోవడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. మరీ గుండ్రంగా ఉన్న పెంకు దొర్లి గీత దాటిపోతుంది. మరీ నున్ననిది జారుతుంది. మరీ పలుచనిది అనుకున్న గడిలో నిలవదు. నాలుగైదు పెంకులు విసిరి చూసి, తన చేతికి కుదిరినదాన్ని ఏరుకుని, ఆట అయిపోగానే దాన్ని గోడ సందులో భద్రంగా దాచుకునే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ పెంకు మీద ఏ అంకెలూ ఉండవు. విసిరి చూడటం ఒక్కటే దానికి పరీక్ష.

ఇదే పనిని డబ్బు పెట్టి, పెద్ద ఎత్తున చేసే ఆట ఒకటి అమెరికాలో ఉన్నది. దాని పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంటలో వేస్తారు గదా! ఇందులో బంతికి బదులు ప్లాస్టిక్ డిస్కు, అంటే పళ్ళెం లాంటి బిళ్ళ. గుంటకు బదులు స్తంభానికి తగిలించిన ఇనుప బుట్ట. బుట్టపైన గొలుసులు వేలాడుతూ ఉంటాయి. డిస్కు వచ్చి గొలుసులకు తగిలి, ఊపు పోయి బుట్టలో పడుతుంది. చెట్ల మధ్య, వాగుల పక్క, ఎత్తుపల్లాల మీద ఎంత తక్కువ విసుర్లతో బుట్ట చేరితే అంత గొప్ప.

ఈ ఆటలో కొత్త డిస్కు ఎలా ఎన్నుకోవాలనే విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉన్నది. మీలో చాలామంది ఈ ఆట ఆడి ఉండరు. అయినా చెప్పదలచుకున్నాను. ఎందుకంటే ఇది డిస్కుల సంగతి ఎంతో, అంకెల సంగతీ అంతే. అంకెలతో మీకు రోజూ పని ఉన్నది.

ముందు కొంచెం చరిత్ర. 1930ల చివర ఫ్రెడ్ మోరిసన్ అనే యువకుడు కాలిఫోర్నియా సముద్రపుటొడ్డున కేకులు వండే పళ్ళెం విసిరి ఆడుతూ ఉంటే, ఎవరో వచ్చి 5 సెంట్ల పళ్ళేనికి 25 సెంట్లు ఇస్తామన్నారట. అక్కడ మొదలైన వ్యాపారం ప్లాస్టిక్ పళ్ళేల దాకా వచ్చింది. 1957లో ఒక బొమ్మల కంపెనీ ఆయన పళ్ళేన్ని కొని, దానికి ఫ్రిస్బీ అని పేరు పెట్టింది. కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రిస్బీ అనే బేకరీవారి ఖాళీ రేకు పళ్ళేలను కాలేజీ కుర్రాళ్ళు విసిరి ఆడేవారని, ఆ పేరే దీనికీ వచ్చిందని చెబుతారు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన ఆ పళ్ళెం పైభాగాన సన్నని ఉబ్బు గీతలు పెట్టి, అది గాలిలో కుదురుగా పోయేటట్టు చేసి 1967లో పేటెంటు పొందాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొట్టమొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానాన్ని ఏర్పాటు చేసింది కూడా ఆయనే. మొదట బుట్టలు లేవు, ఉత్త స్తంభాలే. గొలుసుల బుట్టకు 1977లో పేటెంటు వచ్చింది. ఆ పార్కు పక్కనే ఏమున్నదో తెలుసా? జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ! అదే 1975లో అంగారకుడి వైపు బయలుదేరిన వైకింగ్ నౌకలలో కక్ష్యలో తిరిగే భాగాలను తయారుచేసిన చోటు. గోడకు ఇటు పళ్ళేలు, అటు అంతరిక్ష నౌకలు! ఎగరడంలోని సూత్రాలకు మాత్రం ఆ గోడ అడ్డం కాదు.

1983లో మరొక మార్పు వచ్చింది. డేవ్ డ్యూనిపేస్ అనే ఆయన ఇన్నోవా కంపెనీ కోసం ఈగిల్ అనే డిస్కును రూపొందించాడు. అంతవరకు డిస్కుల అంచు మొద్దుగా ఉండేది. ఈగిల్ అంచును కత్తి అంచులా ఏటవాలుగా చెక్కినట్టు చేశాడు. గాలి నిరోధం తగ్గింది. డిస్కు దూరం పోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి రకరకాల అంచులు, రకరకాల డిస్కులు వచ్చాయి. ఈ ఆటను పర్యవేక్షించే సంఘం ఇప్పటివరకు ఆమోదించిన డిస్కు రకాలు వెయ్యికి పైగానే ఉన్నాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గోల్ఫ్‌లో ఒక ఆటగాడు 14 కర్రలకు మించి మోయకూడదని 1930ల చివరలోనే నియమం పెట్టారు. డిస్క్ గోల్ఫ్‌లో అలాంటి హద్దు లేదు. ఎన్ని మోయగలిగితే అన్ని. ఒక్కొక్క డిస్కు ధర రకాన్నిబట్టి 10 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. సంచి బరువెక్కుతూ ఉంటుంది, జేబు తేలికవుతూ ఉంటుంది. అయినా ఆటగాడికి తన సంచిలో ఇంకా ఏదో ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది.

ఆ ఖాళీ ఎక్కడ కనిపిస్తుంది? పట్టికలో. డిస్కుల మీద సాధారణంగా నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటిది వేగం, ఇది మామూలుగా 1 నుంచి 14 దాకా ఉంటుంది. రెండోది గ్లైడు, అంటే గాలిలో ఎంతసేపు తేలుతుందో. మూడోది టర్ను, అంటే విసిరిన కొత్తలో, ఊపు మీద ఉన్నప్పుడు కుడివైపుకు ఎంత మొగ్గుతుందో. ఎక్కువ మొగ్గే డిస్కుకు ఇది రుణసంఖ్య. నాలుగోది ఫేడు, అంటే చివర ఊపు తగ్గాక ఎడమవైపుకు ఎంత వాలుతుందో. కుడిచేతివాటం ఆటగాడు చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరే మామూలు విసురుకు ఈ లెక్క. ఎడమచేతివాటం వారికి అంతా తిరగబడుతుంది. ఏవియార్ అనే డిస్కు మీద 2, 3, 0, 1 అని ఉంటుంది. ఇది దగ్గరనుంచి బుట్టలోకి వేసే పటరు. రాక్ అనే మధ్య దూరపు డిస్కు 4, 4, 0, 3. లెపర్డ్ 6, 5, -2, 1. డెస్ట్రాయర్ 12, 5, -1, 3.

ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే ఒక అమెరికా కుర్రాడి సంచిలో సరిగ్గా ఈ నాలుగే ఉన్నాయనుకోండి. వేగాలు వరుసగా 2, 4, 6, 12. ఈ వరుస చూడగానే మీకేమనిపిస్తున్నది? పరీక్ష కాగితంలో ఖాళీలను పూరింపుము అన్నట్టు లేదూ? 8, 10 లేవు! ఆ కుర్రాడికీ అలాగే అనిపిస్తుంది. 40 డాలర్లు కూడబెట్టి 8 ఒకటి, 10 ఒకటి కొంటాడు. అతడు పూరించినది పట్టికలోని ఖాళీని. సంచిలోని ఖాళీని కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం పొరపాటని నా వాదన.

నన్నొక ప్రశ్న అడగనివ్వండి. వేగం 12 అంటే 12 ఏమిటి? గంటకు 12 కిలోమీటర్లా? సెకనుకు 12 మీటర్లా? ఏవీ కావు. టర్ను -2 అంటే రెండు మీటర్లా, రెండు డిగ్రీలా? అదీ కాదు. మీ లెక్కల మాస్టారు జవాబు సరిగ్గానే వచ్చినా ప్రమాణం రాయకపోతే మార్కు కోసేస్తారు గదా! ఈ నాలుగు అంకెలకూ ప్రమాణాలు లేవు. ఆటను పర్యవేక్షించే సంఘం డిస్కు వ్యాసం, బరువు, అంచు మందం, అంచు లోతు, వంగే గుణం కొలిచి చూస్తుంది. వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ప్రతి సెంటీమీటరు వ్యాసానికి 8.3 గ్రాములకు మించి బరువు ఉండకూడదు. 21.2 సెంటీమీటర్ల డిస్కును 8.3తో హెచ్చవేసి చూడండి, 176 గ్రాములకు రవ్వంత తక్కువ వస్తుంది. దుకాణంలో 175 గ్రాముల డిస్కులు అన్ని ఎందుకు కనిపిస్తాయో తెలిసిందిగదా! ఇవి నిజమైన కొలతలు. వీటికి త్రాసు ఉన్నది, స్కేలు ఉన్నది. ఎగిరే తీరును చెప్పే ఆ నాలుగు అంకెలు మాత్రం తయారీదారు ఇచ్చేవి. ఒక కంపెనీ 7, మరొక కంపెనీ 7 ఒకటే కావాలని ఎక్కడా లేదు.

పట్టికలోని ఖాళీని నమ్మడం ఎల్లప్పుడూ తప్పేనా అంటే, కాదు. 1869లో రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ మూలకాలను పట్టికగా పేర్చినప్పుడు కొన్ని గళ్ళు ఖాళీగా వదిలి, వాటిలోకి రావలసిన మూలకాలు ఇంకా దొరకలేదన్నాడు. 1875లో గాలియం, 1879లో స్కాండియం, 1886లో జర్మేనియం దొరికి ఆ గళ్ళలో కూర్చున్నాయి. పైగా గాలియం సాంద్రత 4.7 అని కొలిచినప్పుడు, అది తప్పు, సుమారు 5.9 ఉండాలి, మళ్ళీ కొలిచి చూడండి అని మెండలీవ్ కబురు చేశాడు. మళ్ళీ కొలిస్తే 5.9 వచ్చింది! అంటే ఆయన కొలతకంటే పట్టికనే ఎక్కువ నమ్మలేదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని ఆ పట్టిక దేనిమీద నిలబడింది? ప్రయోగశాలల్లో ఎందరో త్రాసులు పెట్టి తేల్చిన పరమాణు భారాలమీద, రసాయన గుణాలమీద. చివరికి తగాదా తీర్చినది కూడా మళ్ళీ కొలవడమే. డిస్కుల పట్టిక వెనుక అలాంటి త్రాసు లేదు. అందులోని 8, 10 గళ్ళు ఖాళీగా ఉన్నాయంటే ప్రకృతిలో ఏదో లోటు ఉన్నదని కాదు.

ఇంతకీ డిస్కు మొదట కుడికి, తరువాత ఎడమకు ఎందుకు పోతుంది? ఇది తెలిస్తే ఆ అంకెలు ఎందుకు నిలకడగా ఉండవో మీకే బోధపడుతుంది.

ఒక సైకిలు చక్రాన్ని ఇరుసుకు రెండు పక్కలా పట్టుకుని, మీ స్నేహితుణ్ణి గట్టిగా తిప్పమనండి. తిరుగుతున్న చక్రాన్ని ఒక పక్కకు ఒంచబోండి. అది మీరు ఒంచినవైపు ఒంగకుండా, దానికి అడ్డంగా మరోవైపు తిరుగుతుంది. చేతుల్లో ఏదో ప్రాణమున్న వస్తువు గింజుకున్నట్టు ఉంటుంది. బొంగరం ఒరిగినా పడిపోకుండా గుండ్రంగా తల తిప్పుతూ ఉండటం కూడా ఇదే. తిరిగే వస్తువుమీద ఒక చోట తోస్తే, ఆ తోపు ఫలితం తిరిగే దిశలో పావు చుట్టు అవతల కనిపిస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

కుడిచేతివాటం ఆటగాడు విసిరిన డిస్కు పైనుంచి చూసేవారికి గడియారపు ముళ్ళలా తిరుగుతుంది. గాలి దాన్ని కిందినుంచి పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఆ ఎత్తే బలం అంతా ఒక బిందువు దగ్గర పనిచేస్తున్నట్టు ఊహించుకోవచ్చు. దాన్ని పీడన కేంద్రం అంటారు. అది డిస్కు నడిమధ్యన ఉంటే ఏ తగవూ లేదు. కాని అది వేగాన్నిబట్టి, గాలికి డిస్కు ఎదురు నిలిచే కోణాన్నిబట్టి ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. డిస్కు బాగా వేగంగా, బల్లపరుపుగా పోతున్నప్పుడు ఆ బిందువు నడిమికి వెనుకగా ఉంటుంది. అంటే గాలి వెనుక అంచును ఎత్తి, ముందు అంచును కిందికి నొక్కుతున్నదన్నమాట. ముందు అంచును నొక్కితే ఫలితం పావు చుట్టు అవతల, అంటే కుడి అంచు దగ్గర కనిపించాలి. కుడి అంచు దిగుతుంది, డిస్కు కుడికి మొగ్గుతుంది. ఇదే టర్ను. వేగం తగ్గుతున్నకొద్దీ డిస్కు కిందికి దిగడం మొదలుపెడుతుంది. గాలి దాని అడుగున ఇంకా నిటారుగా తగులుతుంది. పీడన కేంద్రం నడిమికి ముందుకు జరుగుతుంది. ఈసారి ముందు అంచు పైకి లేస్తుంది, పావు చుట్టు అవతల కుడి అంచూ పైకి లేస్తుంది. డిస్కు ఎడమకు వాలిపోతుంది. ఇదే ఫేడు.

చూశారా! కుడికి మొగ్గాలంటే చాలినంత వేగం ఉండాలి. ఆ వేగం ఎవరు ఇస్తారు? ఆటగాడి చెయ్యి. కనుక మొగ్గటం అనేది డిస్కుకు ఉన్న గుణం మాత్రమే కాదు. డిస్కూ చెయ్యీ గాలీ కలిసి చేసే పని. డెస్ట్రాయర్ మీద అచ్చువేసిన -1 టర్ను బాగా బలమైన చేయి విసిరినప్పటి మాట. ఎనిమిదో తరగతి కుర్రాడి చేతిలోనుంచి అది బయలుదేరేటప్పటికే ఎడమకు వాలే దశలో ఉంటుంది. పైగా వేగపు డిస్కులకు అంచు వెడల్పు ఎక్కువ. పటరు అంచు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటే, డెస్ట్రాయర్ అంచు రెండు సెంటీమీటర్లు దాటుతుంది. చిన్న చేతికి అది సరిగ్గా చిక్కదు. చేతికి చిక్కనిదానికి తిరిగే ఊపు ఎక్కడినుంచి వస్తుంది?

గాలి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. డిస్కును సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరారనుకోండి. ఎదురుగాలి సెకనుకు 5 మీటర్లు. డిస్కుకు నేల వేగంతో పనిలేదు, గాలి వేగంతోనే పని. దానికి తగిలే గాలి వేగం 25. గాలి బలాలు వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతాయి గనుక 25 వర్గాన్ని 20 వర్గంతో భాగించండి: 1.56 వస్తుంది. అంటే బలం ఒకటిన్నర రెట్లకు పైన. వెనుకగాలి అయితే 15 మాత్రమే. బలం 0.56కు, అంటే సగానికి కొంచెం పైకి పడిపోతుంది. ఎదురుగాలిలో అదే డిస్కు తన మీది అంకె చెప్పినదానికంటే ఎక్కువగా కుడికి దొర్లుతుంది. వెనుకగాలిలో అసలు మొగ్గకుండానే ఎడమకు వాలిపోతుంది. ఊరి ఎత్తు కూడా లెక్కే. కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరం సముద్రమట్టానికి సుమారు 1600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంకంటే సుమారు 15 శాతం తక్కువ. సముద్రతీరంలో చక్కగా కుడికి మొగ్గిన డిస్కు అక్కడ మొగ్గనని మొరాయిస్తుంది. డిస్కు అదే, అచ్చువేసిన అంకె అదే!

వయస్సు కూడా ఉన్నదండోయ్. చవక ప్లాస్టిక్ డిస్కు చెట్లకూ రాళ్ళకూ తగిలి తగిలి అంచు అరిగి, వంకరపోయి, ఏడాది తిరిగేసరికి మొదటికంటే ఎక్కువగా కుడికి మొగ్గడం మొదలుపెడుతుంది. దాని అంకెలు మారాయని ఎవరూ వచ్చి తిరిగి అచ్చువేయరు.

సరే, మన కుర్రాడి దగ్గరకు మళ్ళీ వద్దాం. డబ్బు ఖర్చు పెట్టక ముందు అతడు ఏం చెయ్యాలి? గాలి లేని ఉదయం ఒక ఖాళీ మైదానంలోకి పోవాలి. ఒకచోట నిలబడి ఒక్కొక్క డిస్కును పదేసి సార్లు విసరాలి. పడిన చోటు టేపుతోగాని అడుగులతోగాని కొలవాలి. ముందుకు ఎన్ని మీటర్లు, నిట్టనిలువు గీతకు ఎడమకో కుడికో ఎన్ని మీటర్లు. నాలుగు డిస్కులకు నలభై చుక్కలు. వాటిని గ్రాఫు కాగితం మీద నాలుగు రంగుల్లో పెట్టాలి. బాగా పడ్డవి మాత్రమే లెక్కలోకి తీసుకుని, పాడైనవాటిని వదిలెయ్యకూడదు. ఇది చాలా ముఖ్యం. మైదానంలో చెయ్యి జారినప్పుడు ఆటలో ఎవరూ వదిలెయ్యరు.

ఉదాహరణకు నేనొక ఫలితం ఊహిస్తాను. ఏవియార్ సరాసరి 41 మీటర్లు, రాక్ 54, లెపర్డ్ 66. డెస్ట్రాయర్? 64! లెపర్డ్ చుక్కలు 58కి, 72కి మధ్య ఉన్నాయి. డెస్ట్రాయర్ చుక్కలు 52కి, 75కి మధ్య చెల్లాచెదురుగా పడి, అన్నీ బాగా ఎడమకు ఉన్నాయి. ఒక్కసారి 75 మీటర్లు పోయింది గనుక ఆ కుర్రాడి మనసులో అది 75 మీటర్ల డిస్కుగానే ఉండిపోయింది. మనసు తీసే సరాసరి అలాగే ఉంటుంది. కాగితం మీద చూస్తే 6కూ 12కూ మధ్య దూరమే లేదు. అక్కడ 8, 10 తెచ్చి పెడితే అవీ ఆ గుంపులోనే పడతాయి. ఒకే గుంపులో పడే రెండు డిస్కులకు పేర్లు వేరైనా, ఆ చేతికి మాత్రం అవి ఒకే డిస్కు. ఇక్కడ కొనవలసినది ఏమీ లేదు, పైగా సంచిలోనుంచి ఒకటి తియ్యవచ్చు.

మరి నిజమైన ఖాళీ ఎక్కడ ఉన్నది? అదే కాగితంలో గీతకు కుడివైపు చూడండి, ఒక్క చుక్కా లేదు. బుట్ట కుడివైపు చెట్టు వెనుక ఉంటే ఈ కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఇది ఖాళీయే. అయినా దీనికీ వెంటనే డబ్బు తియ్యనక్కరలేదు. లెపర్డ్‌ను వదిలేటప్పుడు అవతలి అంచును కొంచెం పైకి ఎత్తి వదిలితే అది కుడికి వంపు తిరుగుతుంది. ఒక వారం సాధన చేసి మళ్ళీ పది చుక్కలు పెట్టాలి. చాలా ఖాళీలు డిస్కు లేక కాదు, విసురు రాక ఏర్పడేవి. అన్నీ అలాంటివే అని మాత్రం నేననను. ఒక్క డిస్కుతో అన్నీ చెయ్యవచ్చు, మిగతాదంతా సోకు అనేవారు ఉన్నారు. వారితో నాకు పేచీయే. వారిని ఒక ఎదురుగాలి రోజున మైదానంలోకి తీసుకుపోవాలి.

ఆ రోజున లెపర్డ్ ఏమవుతుంది? దానికి అసలే -2 టర్ను. గాలి బలం ఒకటిన్నర రెట్లు కాగానే బోర్లా పడేంతగా కుడికి దొర్లి నేలకు కొట్టుకుంటుంది. కొంచెం వంచి విసిరినా కుదరదు. వంపు సరిచేసేలోపల గాలి మారిపోతుంది. ఎదురుగాలి రోజుల్లో నలభై చుక్కలు మరొకసారి పెట్టి చూస్తే, 60 మీటర్ల దగ్గర నిటారుగా పోయేది ఒక్కటీ లేదని తేలుతుంది. ఇది డబ్బు పెట్టవలసిన ఖాళీ. ఇక్కడికి టర్ను సున్నా ఉన్నది రావాలి. అంచు వెడల్పు ఆ చేతికి పట్టేదిగా ఉండాలి. టీబర్డ్ అనే డిస్కు అలాంటిది: 7, 5, 0, 2. గమనించారా? ఖాళీలను పూరింపుము అన్న పద్ధతిలో అయితే ఈ 7 ఎవరికీ తట్టదు. 6 ఉండగా 7 ఎందుకంటారు. ఖాళీ 6కూ 12కూ మధ్య లేదు, 6కు ఆనుకునే ఉన్నది!

ఇలా చెప్పి నేను కూడా ఆ అంకెలనే వాడాను గదా అని మీరు నన్ను నిలదీయవచ్చు. నిజమే, వాడాను. ఆ అంకెలు అబద్ధాలని నేను అనలేదు. ఒకే కంపెనీ డిస్కుల్లో ఏది దేనికంటే ఎక్కువ మొగ్గుతుందో వాటివల్ల తెలుస్తుంది. వెయ్యి డిస్కుల్లో పదింటిని ఏరుకోవడానికి అవి పనికొస్తాయి. ఆ పదింటిలో ఒకటి ఏరుకోవడానికి మాత్రం చాలవు. దానికి తోటి ఆటగాడి దగ్గర ఒకటి అడిగి తీసుకుని పదిసార్లు విసిరి, కాగితం మీద ఐదో రంగు పెట్టడమే మార్గం. చాలామంది ఆటగాళ్ళు సంతోషంగా ఇస్తారు. తమకు నచ్చిన డిస్కును ఇంకొకరు మెచ్చుకుంటే ఎవరికి బాగుండదు?

ఇంకొక దురభ్యాసం కూడా ఉన్నది. ఫలానా చాంపియన్ సంచిలో ఏమేమి ఉన్నాయో చూసి అవే కొనడం. 2016లో నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ అనే యువకుడు వెనుకగాలి సాయంతో ఒక డిస్కును 338 మీటర్లు విసిరి రికార్డు పెట్టాడు. మన కుర్రాడి లెపర్డ్ దూరానికి అయిదు రెట్లు! ఆ చేతికి సరిపోయిన సంచి ఈ చేతికి సరిపోతుందనుకోవడం, ఏనుగుకు కట్టిన అంబారీని మేకకు కట్టడమే. చాంపియన్ల దగ్గర నేర్చుకోవలసినది ఒకటున్నది.  వారిలో చాలామంది ఒకే పేరుగల డిస్కులు కొత్తదొకటి, కొంచెం అరిగినదొకటి, బాగా అరిగినదొకటి మోస్తారు. కొత్తది నిటారుగా పోయి ఎడమకు వాలుతుంది, అరిగినది కుడికి మొగ్గుతుంది. పట్టు, బరువు, ఆకారం ఒకటే గనుక చెయ్యి తడబడదు. అరిగిన డిస్కును పారేసి దాని స్థానంలో వేరే పేరుది కొనడంకంటే, అదే పేరుది కొత్తది కొని రెండూ ఉంచుకోవడం ఎంతో మేలని నా ఉద్దేశం. ప్లాస్టిక్ కూడా అంత తక్కువ చెత్తలోకి పోతుంది.

మన ఊళ్ళలో గొలుసుల బుట్టలు లేకపోయినా ఈ పరీక్ష మీరు చేసి చూడవచ్చు. ఒకే వెడల్పుగల రెండు ప్లాస్టిక్ మూతలు తీసుకోండి. ఒకటి ఉన్నదున్నట్టు ఉంచండి. రెండోదాని అంచు లోపలివైపు చుట్టూ సన్నని తాడు అంటించి బరువంతా అంచుకు చేర్చండి. అంతే బరువు తాడును మొదటి మూత అడుగున నడిమధ్య చుట్టగా అంటిస్తే రెండూ సమానంగా తూగుతాయి. ఒకే బరువు, ఒకే వెడల్పు ఉన్న ఉంగరానికీ పళ్ళేనికీ మధ్య, తిరుగుడు నిలుపుకునే శక్తి ఉంగరానికి రెట్టింపు అని మీరు పై తరగతుల్లో చదువుకుంటారు. పదేసి సార్లు విసరండి, బడి మైదానంలో మనుషులు లేనివైపు. ఏది ఎంత తక్కువగా చెదిరిపోతుందో కాగితం మీద పెట్టండి.

ఇక ఆ కుర్రాడి సంచిలోనుంచి తీసేసిన డెస్ట్రాయర్ మాటేమిటంటారా? దాన్ని పారెయ్యవద్దు, అమ్మవద్దు. ఆ గ్రాఫు కాగితంతోపాటు అల్మారాలో పెట్టాలి. పదో తరగతికి వచ్చేసరికి చెయ్యి పొడుగవుతుంది, భుజం గట్టిపడుతుంది. అప్పుడు అదే మైదానంలో, గాలి లేని ఉదయం, అదే డిస్కును పదిసార్లు విసిరి, అదే కాగితం మీద వేరే సిరాతో చుక్కలు పెట్టి చూసుకోవాలి.